చెప్పులు విడిచి పరుగు: గ్రామమున నిర్వహించు విధానము

ఉత్తరకోస్తా జిల్లాలలో సంక్రాంతిని పెద్దపండుగ యందురు. విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు కూలికో కొలువుకో పోయినవారు ఆ నాలుగు దినములు ఇల్లు చేరుదురు. బొబ్బిలి చుట్టుపట్ల గ్రామములలో తక్కిన కాలమున తాళము వ్రేలాడు ఇండ్లలో సైతము ఆ దినములలో పొయ్యి వెలుగును. భోగిమంట చల్లారి, కనుమ గడచిన పిమ్మట, ఊరి యువకులకు ఏదేని పోటీ పెట్టవలెనను ఉత్సాహము కలుగుట సహజము. క్రికెట్టు పెట్టినచో జట్టునకు పదునొకండుగురు ఆడుదురు. తక్కిన ఊరు చూచుచుండును. స్త్రీల వంతునకు ముగ్గుల పోటీ యొక్కటే మిగులును. ముసలివారి వంతునకు వీధి అరుగు మిగులును. అందరును కాలు కదుపదగిన వినోదము కావలెనన్నచో, చెప్పులు విడిచి ఊరి పొలిమేర చుట్టివచ్చు పరుగుకంటె సులభమైనది వేరొకటి కానరాదు.

చెరువుగట్టు ఎక్కి, పొలముగట్టు పట్టి, గెడ్డ దాటి, మామిడితోట నీడన సాగి, బడి ఆటస్థలమునకు తిరిగి వచ్చుట, పరుగు ఇంతియే. దీనికి వ్యయము స్వల్పము. శ్రద్ధ మాత్రము మిక్కిలి కావలెను. కాలికిని నేలకును నడుమ అడ్డు లేనందున, నిర్వాహకుని ఏమరుపాటు ఏదైనను పరుగెత్తువాని అరికాలిలోనే గ్రుచ్చుకొనును. ఆ శ్రద్ధ యెట్లు వహింపవలెనో ఈ వ్యాసమున వివరింపబడుచున్నది.

వట్టికాలి ఘనత, వట్టికాలి కష్టము

1960వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన రోము నగరమున జరిగిన ఒలింపిక్ మారథాన్ పరుగులో ఇథియోపియా దేశపు సైనికుడు అబెబె బికిలా చెప్పులు లేకయే పరుగెత్తెను. దూరము 42 కిలోమీటర్లకు పైమాట. క్రొత్త బూట్లు కాలికి సరిపడనందున వానిని ప్రక్కన బెట్టి, స్వదేశమున తాను అభ్యసించిన రీతినే వట్టికాళ్ళతో బయలుదేరి, చీకటి పడిన పిదప దివిటీల వెలుగున గమ్యము చేరి, 2 గంటల 15 నిమిషముల 16 సెకనులలో ప్రథముడుగ నిలిచెను. నాలుగేండ్లకు టోకియోలో అదే వీరుడు బూట్లు తొడిగి మరల గెలిచెను. ఈ రెండవ విజయమును జనులు మరచుట కద్దు. రెండింటిని కలిపి చూచినగాని అసలు సంగతి బోధపడదు: గెలిపించునది కాలి అభ్యాసము.

మన దేశమున 1911వ సంవత్సరము జూలై 29వ తేదీన కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు, ఒక్కరు తప్ప అందరును వట్టికాళ్ళతో ఆడి, బూట్లు తొడిగిన ఆంగ్ల సైనికదళపు జట్టును ఫుట్‌బాలులో 2-1 గోలులతో ఓడించినది. మహారాష్ట్రమందలి బారామతిలో లతా కరే అను గ్రామీణ స్త్రీ అరువదియేండ్లు దాటిన వయస్సున, చీరకట్టుతో, వట్టికాళ్ళతో వృద్ధుల పరుగుపందెమున గెలిచినది. ఆమె పరుగెత్తినది వినోదమునకు గాదు. రోగపీడితుడైన భర్త వైద్యమునకు బహుమతి సొమ్ము కావలసియుండెను. ఆమె కథ చలనచిత్రముగ కూడ వెలువడినది. పందెమును నిర్వహించువారు ఈ కథను మనస్సున నుంచుకొనవలెను. మనకు వినోదమైనది వరుసలో నిలిచిన వేరొకరికి అవసరము కావచ్చును.

దూరమేల? మన సింహాచలమున ఏటేట ఆషాఢ పూర్ణిమకు జరుగు గిరిప్రదక్షిణమున లక్షలాది భక్తులు కొండ చుట్టును సుమారు 32 కిలోమీటర్లు నడుతురు. వారిలో వట్టికాళ్ళవారే పెక్కురు. బొబ్బిలి ప్రాంతమునుండి పోవువారును తక్కువగాదు. అది పరుగు కాకున్నను, వట్టికాళ్ళ జనసమూహమును నడిపించుటకు మనకు చేరువలోనున్న పెద్ద పాఠశాల అదియే. ఆ దారిలో రెండు విషయములు గమనింపదగినవి. నడక చాలవరకు సాయంకాలమునను రాత్రియందును సాగును గనుక తారురోడ్డు కాలదు. దారి పొడవునను మంచినీరు, మజ్జిగ, పండ్లు ఇచ్చువారు నిలిచియుందురు. చల్లని నేల, చేరువలో నీరు. ఈ రెండును సమకూడినచో సామాన్యులు సైతము ఎంతదూరము పోగలరో అచ్చట తెలియును.

ఇక కష్టము మాట. ఎముకలు, కీళ్ళు, కండరములు చక్కగ అమరిన పాదము వట్టినేలపై నడుచుటకు నిర్మింపబడినదనుట నిజమే. కాని ఆ నేలలో నేమున్నదో పాదమునకు తెలియదు. బహిర్భూమికి పోవు చోట్ల తడినేలయందు కొంకిపురుగు పిల్లలు పెరిగి, అరికాలి చర్మమును తొలుచుకొని శరీరమున ప్రవేశించును. అవి ప్రేగులలో చేరి నెత్తురు పీల్చుటచే మనిషి పాలిపోయి, పని చేయ శక్తి యుడుగును. అమెరికా దక్షిణరాష్ట్రములలో 1909 మొదలు 1914 వరకు రాక్‌ఫెల్లరు ధర్మసంస్థవారు పరీక్షింపగా బడిపిల్లలలో నూటికి సుమారు నలుబదిమందికి ఈ పురుగు కానవచ్చినది. వారు బోధించిన విరుగుడులు మందు, మరుగుదొడ్డి, కాలికి బూటు. కావున చెప్పులు లేకుండుట ఆరోగ్యకరమని పిల్లలకు బోధించు పొరపాటు ఈ పరుగువలన కలుగరాదు. శుభ్రపరచిన దారిలో, తగిన ఋతువున, అరగంటసేపు చెప్పులు విడుచుట వేరు. ఏడాది పొడవున చెప్పులు కొనలేక తిరుగుట వేరు.

ఈ భేదమును గుర్తింపని నిర్వాహకుడు తెలియకయే ఇతరుల మనస్సు నొప్పించును. ఒకప్పుడు మన దేశమున పెక్కు గ్రామములలో కొన్ని కులములవారు పెద్దవీధిలో చెప్పులు తొడిగి నడువరాదను ఆంక్ష యుండెడిది. చెప్పులు చేతబట్టుకొని ఆ వీధి దాటిన తాతలను చూచినవారు నేటికిని కొన్ని ఇండ్లలో గలరు. అట్టి ఇంటి పిల్లవాడు వట్టికాళ్ళ పరుగునకు వచ్చినప్పుడు అందరు అతని సరసన చెప్పులు విడిచి నిలిచినచో అది సమానమైన గీత యగును. ఫొటో కొరకు పేదరికమును అభినయించుటగా పరిణమించినచో అది అవమానమగును. ఏది యగునో చాలవరకు దారి ఏర్పాటుపైననే ఆధారపడియుండును.

దారి నిర్ణయము

మొట్టమొదట నిశ్చయింపవలసినది దారి. పరుగు ఏ వీధిన ఆరంభమగునో, ఏ వీధుల గుండ పోవునో చూచియే, అది ఎవరి పరుగో ఊరివారు తేల్చుకొందురు. పెద్దవీధిలో మొదలై పెద్దవీధిలో ముగిసి, పేటలను చుట్టి తప్పించుకొని పోవు దారిని గీచి, పిదప పేట పిల్లలు రాలేదని వగచుట వ్యర్థము. పేటలో ఆరంభించి అన్ని వీధులను తాకుచు బడివద్ద ముగించుట మేలని మా అభిప్రాయము. దీనిపై చర్చ పుట్టినచో పుట్టనిండు. పండుగకు పదిరోజుల ముందే పుట్టుట మంచిది. పంచాయతి పెద్దలు, యువజనులు, మహిళాసంఘములవారు ఒకచోట కూడి తేల్చుకొనవలెను.

దూరము పెద్దలకు మూడు కిలోమీటర్లు, పండ్రెండేండ్లలోపు పిల్లలకు ఒక కిలోమీటరు మించరాదు. బొబ్బిలి చుట్టుపట్ల సామాన్యముగ నుండు ఊరికి ఒక లెక్క చెప్పుదుము. ఊరి వీధులలో 500 మీటర్లు, చెరువుగట్టుపై 800, పొలముగట్టుపై 150, బీడునేలలో 250, గెడ్డయు దాని ఇసుకయు కలిసి 100, మామిడితోటలో 600, తిరిగి వచ్చు మట్టిబాటలో 600, వెరసి మూడువేలు. మీ ఊరి నేలనుబట్టి ఈ అంకెలు మార్చుకొనవచ్చును. కాని విశాలమైన దారి ముందును, ఇరుకుదారి తరువాతను వచ్చు వరుసను మాత్రము మార్చరాదు. వీధులలోను, చెరువుగట్టుపైనను పరుగెత్తువారు త్వరగా పోవువారు, మెల్లగా పోవువారుగ విడిపోయినగాని పొలముగట్టు వారిని భరింపలేదు. గట్టుపై ఒక్కరికే చోటు. అచ్చట దాటిపోవుట నిషేధమని ముందే చాటవలెను.

రైలుపట్టాలు దాటు దారి ఎంత దగ్గరైనను పనికిరాదు. బస్సులు, లారీలు తిరుగు రోడ్డును సైతము తప్పింపవలెను. తప్పనిచోట పోలీసువారి సహాయము కోరవలెను. వేగవతి వంటి నదిలో ఇసుక తీసిన గోతులు నీటి క్రింద కనబడవు. అందుచే నదిని విడిచి, అడుగు స్పష్టముగ కనబడునట్టి, చీలమండ లోతు మించని గెడ్డను ఎన్నుకొనుట క్షేమము.

పొలములవారి అనుమతి అడుగుట మర్యాద మాత్రమే గాదు, అవసరము. పట్టణమునుండి వచ్చిన యువకునికి కోత కోసిన మడి ఖాళీగా కనబడును. మన ప్రాంతమున వరి కోతకు ముందే మడిలో మినుములు, పెసలు చల్లు వాడుక గలదు. సంక్రాంతి నాటికి ఆ మొలకలు జానెడెత్తు కూడ నుండవు. నూరుమంది త్రొక్కినచో రైతునకు రెండవ పంట పోవును. వరికొయ్యలు మిగిలిన మడి వట్టికాలికిని తగదు. కొడవలి కోసిన కొయ్య సూదివలె నిలిచియుండును. కల్లములో కుప్పలున్నచో ఆ వైపునకే పోరాదు. మామిడితోట విషయమున మరియొక జాగ్రత్త. జనవరిలో తోట పూతమీద నుండును. పూత నిలుచుటకు రైతులు పురుగుమందు చల్లుదురు. మందు ఎప్పుడు చల్లిరో తోటవారిని అడిగి, ఆ వారములో చల్లినచో దారిని తోట వెలుపలికి మార్చవలెను. అడవిపందులకై పొలము చుట్టు దొంగచాటుగ కరెంటు తీగ పెట్టు దురాచారమొకటి అచ్చటచ్చట గలదు. అది చట్టవిరుద్ధము, ప్రాణాంతకము. దారికి ఇరుప్రక్కల పొలములవారందరిని పేరుపేరున విచారించి, తీగ లేదని కన్నులార చూచుకొనవలెను.

నేల స్వభావము

సిమెంటు రోడ్డు వట్టికాలికి మిక్కిలి కఠినము. దానిపై మడమ మోపి పరుగెత్తినచో ఆ దెబ్బ మోకాలివరకు ప్రాకును. హార్వర్డు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2010లో కెన్యా, అమెరికా దేశముల పరుగువీరులను పరిశీలించి, చిన్ననాటినుండి వట్టికాళ్ళతో పరుగెత్తువారు చాలవరకు ముంగాలు మోపి దిగుదురనియు, అందుచే నేల తాకిడి తక్కువగ నుండుననియు వ్రాసిరి. చెప్పులకు అలవాటు పడిన కాలు ఒక్కదినమున ఆ విద్య నేర్వజాలదు. అభ్యాసము లేనివారు ముంగాలిపై ఒక్కసారిగా మూడు కిలోమీటర్లు పరుగెత్తినచో పిక్కలు పట్టుకొనును. వీధుల భాగమును నడకగానే సాగనిచ్చి, చెరువుగట్టునుండి పరుగు లెక్కించుట యుక్తము.

ఇసుకలో పరుగు మరియొక రీతి. గట్టినేలపై పరుగునకు పట్టు శక్తికి ఇసుకపై సుమారు ఒకటిన్నర రెట్లకు పైగా పట్టునని 1998లో బెల్జియము శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. గెడ్డ ఇసుకలో నూరుమీటర్లు చాలుననుటకు కారణమిదియే. అక్కడనే నవ్వులు పుట్టును, అక్కడనే ముందున్నవాడు వెనుకబడును. వినోదమంతయు ఆ నూరుమీటర్లలోనే గలదని చెప్పవచ్చును. బీడునేల గట్టిపడి పెళ్ళలుగ నుండినచో పరుగుకు రెండుదినములు ముందు ఒక పర్యాయము గుంటక తోలించినచో మెత్తబడును. పొలముగట్టుపై ఎండుగడ్డి పలుచగ పరచవచ్చును. ఒత్తుగ పరచినచో క్రింద ఏమున్నదో తెలియక అపాయము.

ముల్లు తీయుట

దారి శుభ్రపరచుట ఈ కార్యమున సగము పని. ఏదారి ఎక్కడ గ్రుచ్చునో ఆ దారి నిత్యము నడుచు పశుల కాపరులకు, కూలికి పోవు ఆడవారికి తెలిసినంతగ మరియొకరికి తెలియదు. వారిని ముందుంచుకొని నడువవలెను. వారి ఆ దినపు కూలి పోయినచో ఇచ్చుకొనవలెను.

చెరువుగట్టుపై తాటిచెట్లున్నచో ఎండిన మట్టలు రాలియుండును. మట్ట అంచున రంపపు పండ్లుండును. అవి కత్తివలె కోయును. గెడ్డ ఒడ్డున ఈతముల్లు, వీధి చివర సర్కారుతుమ్మ ముల్లు, బీడులో పల్లేరుకాయ, సారాసీసాల పెంకులు. ఒక్కొక్క చోటికి ఒక్కొక్క శత్రువు. పెద్దవానిని చేతితో ఏరవచ్చును. పల్లేరుకాయలకు ఒక సులభోపాయము గలదు. గోనెసంచులను తడిపి, రెండు మూడు కలిపి కుట్టి, దానిపై కొంచెము బరువుంచి దారి పొడవునను ఈడ్చినచో కాయలు సంచికి అంటుకొని వచ్చును. ఒకసారి గాక మూడుసార్లు ఈడ్వవలెను. పాడైన మైకు లోపలి అయస్కాంతమును కఱ్ఱకు గట్టి మట్టికి మిక్కిలి దగ్గరగ త్రిప్పినచో మేకులు, తీగముక్కలు దానిని పట్టుకొనును. గాజుపెంకులకు మాత్రము కన్నులే సాధనము. ఉదయము ఏటవాలు ఎండలో గాజు తళుక్కుమనును గనుక ఆ వేళ వెదకుట మంచిది.

తుదకు నిర్వాహకులందరు, అధ్యక్షునితో సహా, పరుగుకు ముందునాడు చెప్పులు విడిచి ఆ మూడు కిలోమీటర్లు స్వయముగ నడువవలెను. ఇది ఒక్కటి మానినచో తక్కిన ఏర్పాట్లన్నియు కాగితముపై నిలిచిపోవును. తాను నడువజాలని దారిలో ఇతరులను పరుగెత్తింపరాదు. మరునాడు ఉదయము పరుగుకు గంట ముందు ఇద్దరు మరల చూచిరావలెను. రాత్రి ఎవరైన సీసా పగులగొట్టియుండవచ్చును.

కాలము

వర్షకాలమున ఈ పరుగు తలపెట్టరాదు. గట్లవెంబడి పాములు తిరుగును. తడినేలయందు పైన చెప్పిన పురుగు వృద్ధినొందును. ఎలుకల మూత్రము కలిసిన మడినీరు కాలిపుండ్లద్వారా జ్వరమును దెచ్చును. వేసవిలో ఇసుకయు, సిమెంటును బొబ్బలెక్కించును. పుష్య మాఘమాసములే తగినవి. ఉదయము మంచు తొలగి, దారి స్పష్టముగ కనబడు వేళ ఆరంభించి, ఎండ చురుక్కుమనకమునుపే ముగింపవలెను.

కొందరు జనవరి 24వ తేదీని సూచింతురు. 1757లో బొబ్బిలి కోట కూలినది ఆ దినముననే. 1891లో నెలకొల్పిన యుద్ధస్తంభము ఆ పోరును నేటికిని స్మరింపజేయుచున్నది. తేదీ ఘనమైనదే. అయినను నవ్వుచు పరుగెత్తు వినోదమునకు ఆ దినము తగునా యని ఆలోచింపవలెను. అప్పటికి వలసకూలీలు తిరిగి పనులకు పోయియుందురు గూడ. కనుమ మరునాడే మేలని తోచుచున్నది.

ఎవరు పరుగెత్తరాదు

మధుమేహము గలవారు వట్టికాళ్ళతో పరుగెత్తరాదు. ఆ వ్యాధి ముదిరినకొలది పాదమున స్పర్శ తగ్గును. ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. తెలిసిననాటికి పుండు పడియుండును. కుష్ఠువ్యాధి నయమైనను స్పర్శ తిరిగిరానివారి సంగతియు ఇట్టిదే. సాలూరులో కుష్ఠురోగుల వైద్యాలయము ఏర్పడి చాలకాలమైనది గనుక, చికిత్స పొంది సుఖముగనున్నవారు మన గ్రామములలో గలరు. వారి పాదములకు మెత్తని రబ్బరు చెప్పులు వైద్యమువంటివి. వారిని విడువుమనుట ద్రోహము. అట్టివారిని కేవలము చూచువారిగ కూర్చుండబెట్టక, కాలము లెక్కించుట, గమ్యమున చీటీలిచ్చుట వంటి పనులు అప్పగింపవలెను. వారు తమ చెప్పులతో ఆ మూడు కిలోమీటర్లు నడువ నిచ్చగించినచో నడువనీయవలెను. బహుమతికి నిలువరు, అంతే. కాలిపుండు గలవారు, గర్భవతులు, గుండెజబ్బు గలవారు పరుగును మానవలెను.

తక్కినవారికి మూడువారముల అభ్యాసము చాలును. మొదటివారము ఇంటిముంగిట, మెత్తని మట్టిపై పదినిమిషముల నడక. రెండవవారము చెరువుగట్టుపై నడకయు మెల్లని పరుగును కలిపి. మూడవవారము దారిలో సగము. పట్టణమునుండి పండుగకు వచ్చినవారికి ఈ అవకాశముండదు. వారిని నడచువారి వరుసలో చేర్చుటయే వారికిని, మనకును సుఖము. వారు ఒప్పుకొనరని తెలియును. ఒక్క ఇసుకపట్టు దాటిన పిదప వారే ఒప్పుకొందురు.

ధనుర్వాతపు టీకా విషయమై ఆశ కార్యకర్తతో ముందుగ మాటలాడవలెను. పిల్లలకు పదియవ యేటను, పదునారవ యేటను ఈ టీకా వేయుదురు. పెద్దలలో పలువురు ఎన్నడు వేయించుకొనిరో మరచియుందురు. పేరు నమోదు చేసికొనునపుడే ఈ ప్రశ్న అడిగి, కావలసినవారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపవలెను. పరుగువలన మరేమియు సాధింపకున్నను, ఊరిలో ఏబదిమందికి టీకా పడినచో శ్రమ ఫలించినట్లే.

పరుగు దినము

ఇన్నూరుమంది వచ్చిరనుకొందము. అందరిని ఒక్కసారి విడిచినచో పొలముగట్టు వద్ద త్రొక్కిడి తప్పదు. నలువదిమందిని ఒక జట్టుగ జేసి, అయిదేసి నిమిషముల ఎడమున విడువవలెను. మొదట పిల్లలు, పిదప స్త్రీలు, పురుషులు, చివర నడచువారు. స్త్రీలకు వేరు జట్టు వలదను వాదము కొందరిది. చీరతో పరుగెత్తు పడతులు వెనుకనుండి త్రోయు యువకులులేని దారిలోనే నిర్భయముగ పోగలరు గనుక వేరు జట్టు మంచిదని అనుభవజ్ఞులు అందురు. ఏ జట్టునకైనను చివర ఒక కార్యకర్త వెనుకకాపుగ నడచుచు, ఎవరును దారిలో మిగిలిపోకుండ చూడవలెను. బయలుదేరినవారి సంఖ్యయు, చేరినవారి సంఖ్యయు సరిపోవువరకు సభ ఆరంభింపరాదు.

దారి గుర్తులకు ముగ్గుపిండి చాలును. మలుపులవద్ద రంగుగుడ్డ కట్టిన కఱ్ఱయు, ఒక మనిషియు నుండవలెను. గెడ్డవద్ద ఇద్దరు ఈతగాండ్రు నిలువవలెను. నీరు చీలమండ లోతే యైనను పిల్లలుండుచోట ఈ నియమము సడలింపరాదు. నీరు రెండుచోట్ల, ప్రథమచికిత్స గెడ్డ దాటినచోటను గమ్యమునను నుంచవలెను. చికిత్సకు కావలసినవి పెక్కు గావు: గోరువెచ్చని నీరు, సబ్బు, శుభ్రమైన తువ్వాళ్ళు, ముల్లు తీయు పట్టకారు, అయోడిను మందు, కట్టుగుడ్డ. లోతుగ దిగిన గాజునుగాని, విరిగిన ముల్లునుగాని అక్కడనే కెలుకక ఆసుపత్రికి పంపవలెను. 108 బండికి దారి ఏదో ముందే నిర్ణయించి, దానికి అడ్డముగ వాహనములు నిలుపనీయరాదు.

ఆరంభమున డప్పుగాని, మన ప్రాంతపు తప్పెటగుళ్ళుగాని మ్రోగినచో కాలు తనంతట కదలును. మైకులో సినిమా పాటలకంటె దానికే ప్రజలు మురియుదురు.

ఇక చెప్పుల సంగతి. చిన్నదిగ కనబడు ఈ విషయముననే పెక్కు నిర్వాహకులు చిక్కుపడుదురు. పేటలో ఆరంభమై బడివద్ద ముగియు పరుగునకు, విడిచిన చెప్పులు ఒకచోటను, కాళ్ళు వేరొకచోటను ఉండును. గుడివద్ద వలె చీటీలిచ్చి, ఒక్కొక్క జతను త్రాటితో గట్టి, ఎడ్లబండిలోనో ఆటోలోనో గమ్యమునకు చేర్పవలెను. అయితే చెప్పులకు అంకె ఇచ్చి, ఆ అంకెతోనే మనిషిని పిలుచు పద్ధతి వలదు. చెప్పులు లేకయే వచ్చినవానికి అప్పుడు అంకె లేకపోవును. నలుగురిలో వాని లేమి బయటపడును. అంకె మనిషికి ముందుగ నీయవలెను. చెప్పులున్నవారు అదే అంకెను చెప్పులకు గట్టుకొందురు. ఎవరికున్నవి, ఎవరికి లేవు అను ప్రశ్న పుట్టకుండ పని జరుగును.

దాతలెవరైన చెప్పులు పంచుదుమని ముందుకు వచ్చినచో సంతోషమే. కాని సభలో పేరు పిలిచి ఇచ్చుట వలదు. అభ్యాసపు దినములలో బడి ఉపాధ్యాయుల ద్వారా కాలి కొలతలు దీసికొని, పిల్లల ఇండ్లకు చేర్చుట ఉచితము.

బహుమతులు

పెద్ద మొత్తము ప్రకటించినచో వినోదము పోయి వివాదము మిగులును. పొరుగూళ్ళ పరుగుకాండ్రు దిగుదురు. మన అమ్మలు, తాతలు వెనుకకు తగ్గుదురు. బొబ్బిలి ప్రక్కనున్న గొల్లపల్లిలో పనసకఱ్ఱతో వీణలు చేయు శిల్పులు చిన్న బొమ్మవీణలను గూడ చెక్కుదురు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ వీణను పోలిన బొమ్మను గెలిచినవారికిచ్చినచో ఊరికి గౌరవము, శిల్పికి కూలి. గెలుపుతోబాటు మరి కొన్నింటికి బహుమతులుండవచ్చును: అందరికంటె పెద్దవయస్సు వారికి, మూడు తరములవారు కలిసి పరుగెత్తిన కుటుంబమునకు, చిట్టచివర చేరినవారికి. దారిచ్చిన రైతులకు మామిడి అంటుమొక్కలు. పరుగెత్తినవారందరికి గమ్యమున చోడి అంబలియు, బెల్లపుముక్కయు, అరటిపండును. అంబలికి గ్లాసులు ఇండ్లనుండి తెచ్చుకొమ్మని చెప్పినచో, తెల్లవారి గట్టుపై ప్లాస్టికు గ్లాసులు ఏరు పని తప్పును.

పరుగు పిమ్మట

గమ్యమున వరుసగ బల్లలు వేసి, ప్రతివారి పాదములు సబ్బునీటితో కడుగుటకు ఏర్పాటు చేయవలెను. ఎవరి కాళ్ళు వారు కడుగుకొందురు. అరికాళ్ళను మాత్రము ఆరోగ్య కార్యకర్త పరికింపవలెను. పరుగు వేడిలో చిన్నగాయము తెలియదు. గాయపడినవారి పేరు, ఇల్లు ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. మురికిగాయమైనచో, టీకా పొంది అయిదేండ్లు దాటినదా యని విచారించి, ఆరోగ్యకేంద్రమునకు ఆనాడే పంపవలెను.

సాయంకాలమునకు గుర్తుకఱ్ఱలు పీకి, గడ్డి ఎత్తి, గట్టు విరిగినచోట మట్టి వేసి పొలము రైతునకు అప్పగింపవలెను. మూడవనాడు ఆ పుస్తకము చేతబట్టుకొని నిర్వాహకులలో ఇద్దరు గాయపడినవారి ఇండ్లకు పోయి, వాపు గాని, చీము గాని, జ్వరము గాని కలదేమో చూడవలెను. వలస పోవువారు అప్పటికే రైలెక్కియుందురు. వారికి ఫోను చేసి అడుగవలెను.